గుగ్గిళ్లు ఎద్దులకు, కట్టు మనకు

పోయిన ఎండాకాలంలో కలకడ నుంచి ఒకాయన మదనపల్లెలోని నా జిమ్ముకు వచ్చాడు. మాదీ కలకడే కాబట్టి రెండు మాటల్లోనే వావివరసలు తేలిపోయాయి, ‘అన్నా’ అనడం మొదలుపెట్టాడు. టమోటా మండీలో వ్యాపారం, 46 ఏళ్లు. షుగర్ ఉందని తెలిసిన రోజు నుంచి నోరు కట్టేసుకుని మూడు నెలల్లో 92 కేజీల నుంచి 81కి దిగాడు.

“11 కేజీలు తగ్గించినా అన్నా. ఇంకో పది తగ్గల్ల.”

నేను త్రాసు ఎక్కించలేదు. మోకాలెత్తు బెంచీ మీద కూర్చోబెట్టి, చేతులు కట్టుకుని లేవమన్నాను. రెండుసార్లు లేవబోయి కూలబడ్డాడు. మూడోసారి తొడల మీద చేతులాన్చి లేచాడు. బొడ్డు దగ్గర టేపు వేస్తే 101 సెంటీమీటర్లు. మన దేశపు మగవాళ్లకు 90 దాటకూడదంటారు. పొట్ట పొట్టలాగే ఉంది, భుజాలూ తొడలూ మాత్రం బక్కచిక్కిపోయాయి. పొద్దున రాగిజావ, మధ్యాహ్నం కీరదోస ముక్కలు, రాత్రి ఒక చపాతీ, రోజూ 8 కిలోమీటర్ల నడక.

“క్రేటు పట్టుకుంటే చేతులు వణుకుతా ఉండాయన్నా.”

ముందు డాక్టరు దగ్గరికి పంపాను. ఇంత తక్కువ తింటూ పాత మోతాదు మాత్రలే మింగుతున్నాడు. అది సరిచేయించి, కిడ్నీ పరీక్షలు బాగున్నాయని డాక్టరు చెప్పాకే పని మొదలుపెట్టాం.

తిండి తగ్గితే ఒళ్లు కొవ్వు ఒక్కదాన్నే కరిగించుకోదు, కండనూ కరిగించుకుంటుంది. కండను పోషించడం దానికి ఖర్చుతో కూడిన పని. బరువు ఎత్తే అవసరం కనబడకపోతే, మాంసకృత్తులూ అందకపోతే, ఆ ఖర్చు తగ్గించుకుంటుంది. నడక మంచిదే కానీ, తొడ కండను నిలబెట్టుకోమని ఒంటికి చెప్పేంత గట్టి మాట కాదు. షుగర్ ఉన్నవాళ్లకు ఈ నష్టం ఇంకా పెద్దది. తిన్న తరవాత రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద వాటా వెళ్లి చేరేది కండల్లోకే. గోతాము చిన్నదైతే గింజలు ఎక్కడ పోస్తాం?

మనవాళ్లకు అసలే కండ తక్కువ. 2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫొటో వచ్చింది. పుణె డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. ఆ ఫొటో ప్రింటు తీసి జిమ్ములో త్రాసు పైన అతికించాను. త్రాసు ఎక్కే ప్రతివాళ్లూ ముందు దాన్ని చూడాలని.

నాకీ సంగతి నా ఒంటి మీదే తెలిసొచ్చింది. 2006లో పవర్‌లిఫ్టింగ్ పోటీకి సిద్ధమవుతున్నప్పుడు నా బరువు 73. అప్పటి తరగతుల్లో 75లో పడతాను. 67.5కి దిగితే పతకం ఖాయమని నాకు నేర్పించే ఆయన అన్నారు. పదిహేను రోజులు సంగటి, అన్నం మానేశాను. ఓపిక లేక సాధనా తేలికపరిచాను. చివరి రెండు రోజులు నీళ్లూ తగ్గించాను. తూకంలో 67.2 వచ్చింది, గంతులేశాను. రెండు గంటల తరవాత, రోజూ సునాయాసంగా చేసే 140 కేజీల స్క్వాట్‌లో కిందికి కూర్చున్నవాణ్ని పైకి లేవలేకపోయాను. మూడు ప్రయత్నాలూ పోయాయి. స్క్వాట్‌లో మూడూ పోతే ఆ రోజుకు పోటీ ముగిసినట్టే.

అది నా ఒక్కడి నష్టం. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది వేరే ఉంది. ఆ తరవాత కూడా చాలా ఏళ్లు, నమ్మి వచ్చిన మనుషులకు ‘కొవ్వు తగ్గాలంటే తేలిక బరువు, ఎక్కువ సార్లు’ అని చెప్పాను. అందరూ చెప్పేదే నేనూ చెప్పాను. చెయ్యాల్సింది దానికి తలకిందులు. తిండి తగ్గించిన రోజుల్లో బార్ మీద బరువు తగ్గనివ్వకూడదు. అలసట ఎక్కువైతే ఐదు సెట్లను మూడు చేసుకోవచ్చు, బరువు మాత్రం అదే ఉండాలి. కండను కట్టిన బరువే కండను కాపాడుతుంది. అందుకే ఇప్పుడు ప్రతివాళ్లకూ ఒక నోటుబుక్కు ఇస్తాను. ఒంటి బరువు వారానికోసారి, నడుము కొలత నెలకు రెండుసార్లు, ఎత్తిన బరువు ప్రతిరోజూ రాయాలి. ఒంటి బరువు దిగుతూ, ఎత్తే బరువు నిలబడితే పోతున్నది చాలావరకు కొవ్వే. రెండూ కలిసి దిగుతుంటే ఆగి, తిండి, నిద్ర చూసుకోవాలి.

ఎంత వేగంగా తగ్గాలనే దానికి నార్వే క్రీడాకారుల మీద చేసి 2011లో ప్రచురించిన పరిశోధన నాకు దారి చూపింది. వారానికి ఒంటి బరువులో 0.7 శాతం చొప్పున తగ్గినవాళ్లకు కండ కొంచెం పెరిగింది కూడా. 1.4 శాతం లక్ష్యంతో వేగంగా దిగినవాళ్లకు పెరగలేదు. మా మండీ ఆయన లెక్కలో 0.7 శాతమంటే వారానికి అర కేజీకి కాస్త పైన. “అంతేనా?” అని మొహం చిన్నబుచ్చుకున్నాడు.

తిండి దగ్గరే అసలు పేచీ. 2016లో కెనడావాళ్లు 40 మంది కుర్రాళ్లకు నాలుగు వారాలు తిండి 40 శాతం కోసి, గట్టి కసరత్తు చేయించారు. కేజీ ఒంటి బరువుకు 2.4 గ్రాముల మాంసకృత్తులు తిన్నవాళ్లకు 4.8 కేజీల కొవ్వు పోయి, కండ 1.2 కేజీలు పెరిగింది. అందులో సగం తిన్నవాళ్లకు కండ పోలేదు గానీ పెరిగిందీ లేదు, కొవ్వు 3.5 కేజీలే తగ్గింది. మావాళ్లను నేను అంత దూరం లాగను, 1.4 దగ్గర ఆపుతాను. మన పల్లెల్లో అదే గగనం.

“చెనిక్కాయలు తింటాలే అన్నా” అంటారు అందరూ. మా నేల పంట, నాకూ ప్రాణం. కానీ 100 గ్రాముల గింజల్లో 25 గ్రాముల మాంసకృత్తులుంటే, 500 పైచిలుకు కేలరీలుంటాయి. కొవ్వు తగ్గాల్సిన మనిషికి గుప్పెడు చాలు. దానికన్నా మంచిది మన ఉలవ. 100 గ్రాముల్లో 22 గ్రాముల దాకా మాంసకృత్తులు, కొవ్వు ఒక గ్రాము కూడా ఉండదు. ఇక్కడే నాకు మనసు చివుక్కుమంటుంది. మా ఇంట్లో ఉలవలు ఉడకేసిన రోజు పైనుండే కట్టు వంచి చారు కాచేవాళ్లు, అడుగున మిగిలిన గుగ్గిళ్లు ఎద్దుల తొట్లోకి పోయేవి. మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం ఆ గుగ్గిళ్లలోనే ఉంది. మాగాణి దున్నిన ఎద్దు తొడలు చూసినప్పుడల్లా నాకు ఆ తొట్టి గుర్తొస్తుంది. పాలు కూడా అంతే. పితికినవన్నీ డెయిరీ క్యానులోకి పోతాయి, ఇంటికి మిగిలేది కాఫీ చుక్క.

ఆయనకు పొద్దున నాలుగు గుడ్లు, మధ్యాహ్నం చిన్న సంగటి ముద్దతో గుగ్గిళ్లు, పప్పు, అర లీటరు పాలూ పెరుగూ, రాత్రికి కోడికూర గానీ సోయా గానీ పెట్టాం. 110 గ్రాముల దాకా వచ్చింది. గుడ్లు కొనడానికి చేతులు రాలేదు గానీ, గుగ్గిళ్లకు వాళ్లమ్మ వెంటనే ఒప్పుకుంది. ఆమె భయమల్లా కొడుకు చిక్కిపోతున్నాడనే. ఆరోగ్యవరం క్షయ శానటోరియం పక్కన పుట్టి పెరిగిన మనిషి ఆమె. ఆ తరంవాళ్లకు ఒళ్లు తగ్గడమంటే మొదట గుర్తొచ్చేది క్షయే.

నిద్ర సంగతి నేను పూర్తిగా గెలవలేదు. తెల్లవారక ముందే సరుకు దిగుతుంది, మండీ మనిషికి ఎనిమిది గంటల నిద్ర ఎక్కడిది? తక్కువ నిద్రపోతే, తగ్గే బరువులో కొవ్వు వాటా తగ్గి కండ వాటా పెరుగుతుందని 2010లో షికాగోలో చూశారు. మధ్యాహ్నం గంటన్నర ఫోను ఆపేసి పడుకోమన్నాను. వారంలో నాలుగు రోజులు పడుకుంటున్నాడు.

ఆయన్ను చూసి వాళ్లావిడ కూడా వచ్చింది. “బరువులెత్తితే మగరాయుళ్లలా అవుతాము గదా సార్?” అంది. ఆమెకు కరణం మల్లీశ్వరి గురించి చెప్పాను. శ్రీకాకుళం జిల్లా అమ్మాయి, 54 కేజీల తరగతిలో ప్రపంచ చాంపియన్ అయి, 2000లో సిడ్నీలో 69 కేజీల తరగతిలో మొత్తం 240 కేజీలెత్తి కంచు పతకం తెచ్చింది. మన ఆడపిల్ల ఒలింపిక్ పతకానికి తగ్గడం కాదు, పెరగడం దారి అయింది. వాళ్లావిడ కాసేపు ఆలోచించి ఖాళీ బార్ పట్టుకుంది. అదే 20 కేజీలు.

ఐదు నెలలకు మండీ ఆయన నోటుబుక్కులో ఒంటి బరువు 78 అని ఉంది. తగ్గింది మూడు కేజీలే. నడుము 101 నుంచి 92కి వచ్చింది. డెడ్‌లిఫ్ట్ 40 నుంచి 95కి పోయింది. మొన్న అదే బెంచీ మీద కూర్చోబెట్టి, చేతులు కట్టుకుని లేవమన్నాను. పదిసార్లు లేచాడు. పదకొండోసారీ లేచి నిలబడి, “అన్నా, ఇప్పుడు మా ఇంట్లో గుగ్గిళ్లు బయటికి పోవడం ల్యా” అన్నాడు.