31 గోల్స్ ఇచ్చిన కీపర్

మా ఆఫీసులో నాకో పేరుంది. నలభై ఏడు. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువైపోయారు.

సంగతేంటంటే, ఏడాదిన్నర క్రితం ఒక గురువారం రాత్రి నేను ప్రొడక్షన్‌లో ఒక చిన్న సెట్టింగ్ మార్చాను. దాంతో పేమెంట్ పేజీ 47 నిమిషాలు పడిపోయింది. బ్రిడ్జ్ కాల్‌లో ఇరవై మంది ఉన్నారు. "ఈ చేంజ్ ఎవరు చేశారు?" అని ఒక గొంతు అడిగింది. మ్యూట్ తీసి "నేనే సార్" అన్నాను. ఆ తర్వాత నాలుగైదు సెకన్లు ఎవ్వరూ మాట్లాడలేదు. ఆ నాలుగైదు సెకన్లు నాకు 47 నిమిషాల కంటే ఎక్కువ గుర్తు. మర్నాడు క్యాంటీన్‌లో ఒకడు "అదిగో, నలభై ఏడు వచ్చాడు" అన్నాడు. అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. సాయంత్రం రూమ్‌కి వచ్చి రెజ్యూమే ఫైల్ తెరిచాను.

ఆ వారంలోనే నికీ సలాపు గురించి తెలిసింది. నాకు నిద్ర పట్టడం లేదని చూసి రూమ్మేట్ ఒక డాక్యుమెంటరీ పేరు చెప్పాడు. 'నెక్స్ట్ గోల్ విన్స్'. 2014లో వచ్చింది. 2023లో తైకా వైటీటీ ఇదే పేరుతో సినిమా కూడా తీశాడు, అందులో కామెడీ ఎక్కువ. మీకు టైమ్ ఉంటే డాక్యుమెంటరీయే చూడండి. నేను మంచం మీద పడుకుని, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫోన్‌లో చూశాను. అయ్యాక మళ్లీ మొదటి నుంచి పెట్టాను.

ఇంజనీరింగ్‌లో నేను హాస్టల్ టీమ్‌కి గోల్‌కీపర్‌ని. బాగా ఆడతానని కాదు, పొడుగ్గా ఉంటానని, పైగా పరిగెత్తలేనని. ఒకసారి ఫైనలియర్ వాళ్ల మీద తొమ్మిది గోల్స్ ఇచ్చాను. మళ్లీ గ్రౌండ్ వైపు వెళ్లలేదు. తొమ్మిదికే నా పరిస్థితి అది. సలాపు ఇచ్చినవి ముప్పై ఒకటి. అదీ వరల్డ్ కప్ క్వాలిఫయర్‌లో.

2001 ఏప్రిల్ 11. ఆస్ట్రేలియాలోని కాఫ్స్ హార్బర్. ఆస్ట్రేలియా 31, అమెరికన్ సమోవా 0. అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో ఇంతకంటే పెద్ద ఓటమి లేదు. హాఫ్ టైమ్‌కే 16. ఆర్చీ థాంప్సన్ ఒక్కడే 13 కొట్టాడు. ఒక అంతర్జాతీయ మ్యాచ్‌లో ఒకే ఆటగాడికి అన్ని గోల్స్, అదీ రికార్డే. డేవిడ్ జ్ద్రీలిచ్‌వి ఇంకో 8. లెక్కపెట్టేవాళ్లకే తికమక వచ్చింది. మ్యాచ్ అయ్యేసరికి స్కోర్‌బోర్డు మీద 32 ఉంది, తర్వాత సరిచూసి 31 అని తేల్చారు. సలాపుకి అప్పుడు ఇరవై ఏళ్లు.

మా ఫీల్డ్‌లో ఏదైనా పడిపోతే తర్వాత ఆర్‌సీఏ అని ఒక కాగితం రాస్తాం. అసలు కారణం ఏంటి, దాని వెనక కారణం ఏంటి, దాని వెనక ఇంకేంటి అని తవ్వుకుంటూ పోవాలి. ఆ రాత్రి నేను నా ఆర్‌సీఏ రాయకుండా సలాపుది రాసుకున్నాను, మనసులోనే.

ముందు దేశం సంగతి. అసలు దేశం అనొచ్చో లేదో. దక్షిణ పసిఫిక్‌లో కొన్ని దీవులు, అమెరికా అధీనంలోని ప్రాంతం. 2010 జనాభా లెక్కల్లో యాభై ఐదు వేల చిల్లర మంది. మన దగ్గర ఒక ఓ మాదిరి పట్టణం. పాగో పాగో రేవులో ట్యూనా చేపల్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ ఉంది, అక్కడివాళ్లకి అదే పెద్ద ఉపాధి. పిల్లల మోజంతా అమెరికన్ ఫుట్‌బాల్ మీద, అంటే హెల్మెట్ పెట్టుకుని ఆడే ఆట మీద. మనం ఫుట్‌బాల్ అనేది వాళ్లకి రెండో ఆటో మూడో ఆటో. ఫిఫాలో చేరిందే 1998లో.

పక్కనే సమోవా అని ఇంకో దేశం ఉంది. అది స్వతంత్ర దేశం. అటువాళ్లు ఇటొచ్చి బతకడం, ఇటువాళ్లు అటు చుట్టరికాలు కలుపుకోవడం మామూలే. 2001 జట్టులో చాలామందికి ఉన్నది సమోవా పాస్‌పోర్టు. టోర్నీ మొదలవబోతుండగా ఫిఫా ఒక మాట చెప్పింది. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్లే ఆడాలి. ఇరవై మంది జట్టులో మిగిలింది ఒకే ఒక్కడు. గోల్‌కీపర్ నికీ సలాపు.

ఇది చదివాక ఫోన్ పక్కన పెట్టి కాసేపు ఫ్యాన్ వైపు చూస్తూ ఉండిపోయాను.

పోనీ అండర్-20 కుర్రాళ్లని తీసుకెళ్దామంటే వాళ్లకి హైస్కూల్ పరీక్షలు. దొరికినవాళ్లతోనే వెళ్లారు. జట్టు సగటు వయసు పద్దెనిమిది. అందులో ముగ్గురికి పదిహేనేళ్లు. కొందరు అంతవరకు పూర్తిగా 90 నిమిషాల మ్యాచే ఆడలేదని కోచ్ తర్వాత చెప్పాడు. అవతల ఆస్ట్రేలియా. రెండు రోజుల ముందే టోంగాని 22-0తో కొట్టి వచ్చిన టీమ్. ఫిజీ మీద 13, సమోవా మీద 8, ఆస్ట్రేలియా మీద 31, టోంగా మీద 5. అమెరికన్ సమోవా నాలుగు మ్యాచ్‌ల్లో ఇచ్చిన గోల్స్ 57, కొట్టింది సున్నా.

ఇందులో కీపర్ తప్పు ఎంత? రూల్ రాసినవాళ్లు, ఆఖరి నిమిషంలో దాన్ని గుర్తు చేసినవాళ్లు, పరీక్షల టైమ్‌టేబుల్, పదిహేనేళ్ల పిల్లల్ని ఆస్ట్రేలియా ముందు నిలబెట్టిన పరిస్థితి. ఇవేవీ స్కోర్‌బోర్డు మీద కనపడవు. నెట్‌లోంచి బంతి తీసేవాడు కనపడతాడు. 31 ఇచ్చినవాడే ఆ రోజు ఆపినవి కూడా బోలెడు. అవి ఎవరూ లెక్కపెట్టలేదు.

(నా కేసులో కూడా రివ్యూ చేయాల్సిన ఇద్దరు చూడకుండానే అప్రూవ్ కొట్టారు. ఆ విషయం ఆర్‌సీఏలో నాలుగో పేజీలో ఉంది. నాలుగో పేజీ ఎవరు చదువుతారు చెప్పండి!)

మన దగ్గరా ఇలాంటి ముచ్చట ఒకటుంది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనవాళ్లని 10-1తో ఓడించింది. కోచ్ మన హైదరాబాద్ రహీమ్ సాబ్. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌లో ఆయన టీమే, ఇదే ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి నాలుగో స్థానంలో నిలిచింది. అయితే రహీమ్ సాబ్ చేతికి మంచి ఆటగాళ్లున్నారు. సలాపుకి అదీ లేదు.

సలాపు తర్వాత అమెరికా వెళ్లి సియాటెల్‌లో స్థిరపడ్డాడు. జట్టు ఓడిపోతూనే ఉంది. ఫిఫాలో చేరాక ఆడిన 30 మ్యాచ్‌లూ ఓడింది. ర్యాంకింగ్‌లో అట్టడుగున 204. 2009 సెప్టెంబరులో సునామీ వచ్చి ఆ దీవుల్లో 34 మంది చనిపోయారు. అలాంటి చోట ఫుట్‌బాల్ గురించి ఎవడు పట్టించుకుంటాడు అనిపిస్తుంది. కానీ పట్టించుకున్నారు. 2011లో వరల్డ్ కప్ క్వాలిఫయర్స్‌కి మూడు వారాల ముందు థామస్ రొంగెన్ అనే కోచ్ వచ్చాడు. నెదర్లాండ్స్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడినవాడు, అమెరికా అండర్-20 జట్టుకి ఏళ్ల తరబడి కోచ్. కొన్నేళ్ల ముందు కారు ప్రమాదంలో కూతురు పోయింది. ఆ అమ్మాయి టోపీ పెట్టుకుని గ్రౌండ్‌లోకి వచ్చేవాడు.

రొంగెన్ సియాటెల్ నుంచి సలాపుని వెనక్కి పిలిపించాడు. 2001 జట్టులోంచి ఆ 2011 జట్టులో ఉన్నది అతనొక్కడే. డాక్యుమెంటరీలో అతన్ని చూస్తే తెలుస్తుంది, పదేళ్లుగా ఆ అంకెతోనే నిద్రపోయి ఆ అంకెతోనే లేస్తున్నాడని. రాకపోయినా ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. ముప్పై ఏళ్లు దాటాయి, కుటుంబం ఉంది, వేల కిలోమీటర్ల దూరం. అయినా వచ్చాడు.

జట్టులో ఇంకొకరి గురించి చెప్పకపోతే తప్పు. డిఫెండర్ జయ్యా సాయెలువా. సమోవా సంస్కృతిలో ఫాఫాఫీనే అంటారు. మగపిల్లాడిగా పుట్టి స్త్రీగా బతికేవాళ్లు. అక్కడ దాన్ని దాచుకోవాల్సిన విషయంగా చూడరు. వరల్డ్ కప్ క్వాలిఫయర్ ఆడిన మొదటి ట్రాన్స్‌జెండర్ ఆటగాడిగా ఆమె పేరు నిలిచింది. డాక్యుమెంటరీలో టీమ్ వాళ్లు ఆమెతో ఉండే తీరు చూడండి. ప్రత్యేకంగా ఏమీ ఉండదు, అదే ప్రత్యేకం. మన ఆఫీసుల్లో జూన్ నెలలో పెట్టే రంగుల పోస్టర్లు గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది.

2011 నవంబర్ 22, సమోవా రాజధాని అపియా. ఎదురుగా టోంగా. హాఫ్ టైమ్‌కి ముందు రామిన్ ఓట్ దూరం నుంచి ఒక షాట్ కొట్టాడు. బంతి టోంగా కీపర్ చేతుల్లోంచి జారి లోపలికి పోయింది. అందరూ గెంతుతుంటే నాకు మాత్రం ఆ టోంగా కీపర్ మొహమే కనిపించింది. కీపర్ బాధ కీపర్‌కే తెలుస్తుంది మరి. 74వ నిమిషంలో షాలోమ్ లువాని రెండో గోల్ కొట్టాడు. (ఈ కుర్రాడు తర్వాత ఆ హెల్మెట్ ఆటలోకే వెళ్లిపోయి 2017లో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఓక్లండ్ రైడర్స్‌కి ఎంపికయ్యాడు.) 88లో టోంగా ఒకటి తిరిగి కొట్టింది. మిగిలిన నిమిషాలు నేను మంచం మీద కూర్చుని చూశాను, ఫలితం తెలిసి కూడా.

2-1. ఫిఫా లెక్కలో అమెరికన్ సమోవాకి మొదటి గెలుపు. సలాపు ఏడ్చాడు. నేను... సరే, రూమ్మేట్ నిద్రపోతున్నాడు కాబట్టి చెప్పొచ్చు, నేనూ ఏడ్చాను.

అమ్మ పొద్దున్నే ఫోన్ చేసి "ఏం నాన్నా, గొంతు అలా ఉందేంటి, జలుబా?" అంది. అవునన్నాను. ఉద్యోగం మానేద్దామనుకుంటున్న సంగతి అప్పటికి ఇంట్లో చెప్పలేదు. తర్వాత చెప్పే అవసరం రాలేదు. రెండు నెలల తర్వాత అదే పేమెంట్ పేజీకి రాత్రి ఆన్‌కాల్ ఎవరు తీసుకుంటారని అడిగితే చెయ్యెత్తాను. మా సీనియర్ అన్న "ఏరా నలభై ఏడు, సీరియస్‌గానేనా?" అన్నాడు. "సీరియస్సే అన్నా" అన్నాను. ఆ పేరు ఇప్పటికీ పోలేదు.

సలాపుది కూడా పోలేదు. గూగుల్‌లో అతని పేరు కొట్టి చూడండి, ముందు వచ్చేది 31-0. ఆ 2011 టోర్నీలో కూడా వాళ్లేం కప్పు కొట్టలేదు. కుక్ ఐలాండ్స్‌తో 1-1 డ్రా. ఆఖరి మ్యాచ్ పక్కింటి సమోవాతో. గెలిస్తే పై రౌండ్‌కి. చివరి నిమిషాల్లో ఒక గోల్ పడి 1-0తో ఓడిపోయారు. ర్యాంకు మాత్రం 204 నుంచి 173కి వచ్చింది.

2015లో మళ్లీ క్వాలిఫయర్స్ ఆడారు. సమోవా మీద 3-2తో ఓడి, టోంగాని 2-1తో, కుక్ ఐలాండ్స్‌ని 2-0తో కొట్టారు. మూడు జట్లకి ఆరేసి పాయింట్లు. అప్పుడు గోల్స్ తేడా చూశారు. సమోవాకి ప్లస్ మూడు, అమెరికన్ సమోవాకి ప్లస్ రెండు. ఒక్క గోల్ తేడాతో ఇంటికెళ్లారు.