నేల దాచుకొన్న ధనము

పల్నాడు అనగనే బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెములు జ్ఞప్తికి వచ్చును. ఆ వీరులు పాదము మోపిన నేలను గూర్చి తలచువారు అరుదు. ఆ నేలకును ఒక కథ కలదు.

నరసరావుపేటనుండి గురజాలకు పోవు బాటసారికి నల్లరేగడి చేలు పెక్కు కానవచ్చును. వేసవిలో అవి నెర్రెలు విచ్చును. వాన కురియగనే ఉబ్బి, కాలికి అంటి వదలవు. మాంట్‌మొరిల్లొనైట్ అను బంకమట్టి ఖనిజమే ఇందులకు కారణము.

ఆ నలుపును చూచి, నేలలో సేంద్రియ పదార్థము మెండని తలచుట పొరపాటు. మెట్ట రేగడిలో సేంద్రియ కర్బనము తరచు నూరు పాళ్లకు ఒక పాలైనను ఉండదు. ఆ కొంచెమే బంకమట్టితో పెనవేసుకొని నలుపు నిచ్చుచున్నది.

రాలిన ఆకును, వేరును, పేడను కంటికి కానరాని సూక్ష్మజీవులు తిని కుళ్లజేయును. అందలి కర్బనము చాలవరకు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలియును. మిగిలినదానిని బంకమట్టి రేణువులు తమలో దాచుకొనును. పల్నాట సున్నపురాయి విస్తారము. మట్టిలోని ఆ సున్నపు అంశము గచ్చువలె ఆ రెంటిని అతుకును. ఎర్రనేలలలో ఈ పనిని ఇనుప ఖనిజములు కొంత చేయును. ఇట్లు దాగిన సారము సూక్ష్మజీవులకు సులభముగా చిక్కదు.

పెట్టె ఎంత గట్టిదైనను, తాళపుచెవి మానవుని చేతిలో ఉన్నది. మాచెర్ల దాపుననున్న నల్లమల అడవిలో ఆకు రాలినచోటనే మట్టియగును. చేనిలో అట్లు కాదు. నాగలి గడ్డలను పగులగొట్టగనే గాలి చొరబడును; దాగిన సారము సూక్ష్మజీవుల వాత పడును. పంట ఇల్లు చేరును. కట్టె పొయ్యి చేరును. 1967లో నాగార్జునసాగరు కుడికాలువకు నీరు వదలిరి. నీటివలన పైరు ఏపుగా పెరిగి వేళ్లు హెచ్చును. వెచ్చని తడినేలలో కుళ్లుటయు వేగిరపడును. కావున కాలువ ఎంత ఇచ్చినను, నేలకు తిరిగి చేరునది ఎంత అనునదే అసలు లెక్క.

పత్తి తీసిన పిమ్మట కట్టెకు నిప్పు పెట్టు రైతులు కలరు. గులాబిరంగు పురుగు భయమును, తరువాతి పంట తొందరయు వారికి లేకపోలేదు. కాని పైరు నెలల తరబడి గాలినుండి కూర్చిన కర్బనము ఒక్క పూటలో పొగయై పోవును. ఆ కట్టెనే ముక్కలు చేసి ఎరువుగుంటలో కుళ్లబెట్టినచో పురుగు బెడద తగ్గును, నేలకు బలమును చేకూరును. చేలలో గొర్రెల మంద నిలుపుట, జీలుగయో జనుమో చల్లి పూతవేళ కలియదున్నుట పెద్దలెరిగిన ఉపాయములే.

తాతలు సాగుచేసిన మట్టి మనుమలకు అప్పగింపవలసిన సొత్తు. తీసికొనుటయే గాని తిరిగి పెట్టుట ఎరుగని చేతికి నల్లరేగడియైనను ఎల్లకాలము పండదు.