ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత

సియాటిల్‌లో అలాస్కా ఓడలకు రెండు రేవులున్నాయి. ఒకటి ఊరి నడిబొడ్డున పియర్ 66, రెండోది కాస్త ఎడంగా స్మిత్ కోవ్ దగ్గర పియర్ 91. మేం ఎక్కింది రెండో దాంట్లో. వేసవి వారాంతాల్లో అక్కడ ఒకటే సందడి. పొద్దున దిగేవాళ్లు ఇంకా పెట్టెలు వెతుక్కుంటూ ఉండగానే ఎక్కేవాళ్లు బారులు తీరిపోతారు. రాజమండ్రి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని, మా అబ్బాయిని తీసుకుని నేనూ మావారూ పన్నెండు కాకముందే చేరాం. ఓడ కదిలేది నాలుగింటికి.

ఏడు రాత్రుల ప్రయాణం. జూనో, స్కాగ్వే, కెచికాన్ చూసుకుని తిరుగుదారిలో కెనడాలోని విక్టోరియాలో ఆగుతుంది. 1886 నాటి చట్టం ఒకటి ఇప్పటికీ అమల్లో ఉంది. విదేశీ జెండా కట్టుకున్న ఓడ అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని తిప్పి, మళ్లీ అక్కడే దింపాలంటే మధ్యలో ఒక్కసారైనా పరాయి దేశపు రేవు తాకాలి. అందుకని పెద్దవాళ్లిద్దరికీ కెనడా వీసా కూడా ముందే తీసుకున్నాం.

అమ్మని ఈ ప్రయాణానికి ఒప్పించడం మాత్రం వీసా కంటే కష్టమైంది. కచ్చులూరు తర్వాత ఆవిడ నీళ్ల మీద ఎక్కడికీ వెళ్లలేదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన లాంచీ దేవీపట్నం దాటాక, కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగిపోయింది. డెబ్బైమందికి పైగా ఎక్కితే ఒడ్డుకు చేరింది దాదాపు మూడోవంతు మంది. లాంచీలో లైఫ్ జాకెట్లున్నా చాలామంది ఒంటి మీద లేవని బయటపడ్డవాళ్లు చెప్పారు. ఆ రోజుల్లో రాజమండ్రిలో అంబులెన్సుల మోత విన్న మనిషి అమ్మ. "గోదారి తల్లి ఒళ్లోనే దిక్కు లేదు, సముద్రం మీద ఎవరే మనకి?" అని నన్నడిగింది. ఆ ప్రశ్నకి జవాబు నా మాటల్లో కాదు, ఓడ మీదే ఆవిడకి దొరకాలనుకున్నాను.

రేవులో పెట్టెలు కూలీలకి అప్పగించేశాం. ఒక్కోదానికి గది నంబరున్న ట్యాగు కట్టి ఉంటుంది కాబట్టి సాయంత్రానికి అవి గుమ్మం ముందుకొచ్చి వాలతాయి. అందాకా మన దగ్గరుండేది చేతిసంచే. నాన్న బీపీ, షుగరు మాత్రలు, తన థైరాయిడ్ మాత్రలు, కళ్లజోళ్లు, పాస్‌పోర్టులు, చెరో స్వెట్టరు అమ్మ తన గుడ్డసంచిలో సర్దుకుంది. పెద్దవాళ్లతో ఓడెక్కేవాళ్లు ఈ ఒక్క సంచినీ ఎవరి చేతికీ ఇవ్వకూడదు.

ఓడలో కాలు పెట్టగానే జనమంతా లిఫ్టుల వైపు మళ్లారు. పై అంతస్తులో బఫే తెరిచారని పొద్దున్నుంచీ అందరి నోటా అదే మాట. మా అబ్బాయి కూడా పిజ్జా, ఐస్‌క్రీం అంటూ నా చెయ్యి లాగుతున్నాడు. మావారు వాడి చేతిలో బిస్కెట్ల పొట్లం పెట్టారు. నేను మా కార్డులు చూశాను. గది తలుపు తెరవడానికీ, కొనుక్కున్నవాటికి లెక్క రాయించుకోవడానికీ, రేవుల్లో దిగి ఎక్కడానికీ అదే కార్డు. దాని మీద పెద్దక్షరంతో మా మస్టర్ స్టేషన్ వేసి ఉంది. ప్రమాదం వస్తే ఎవరెక్కడ చేరాలో చెప్పే గుర్తు అది. మాది ఐదో అంతస్తులో, ఒక రెస్టారెంటులో. "ముందు అక్కడికి, తర్వాతే భోజనం," అన్నాను. అమ్మ వెంటనే, "పదండి," అని నాన్న చెయ్యి పట్టుకుంది.

అక్కడ మాకంటే ముందొచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టే అంతమంది. ఇండోనేషియా నుంచి వచ్చిన సిబ్బంది అమ్మాయి మా కార్డులు స్కాన్ చేసి, లైఫ్ జాకెట్ తీసి చూపించింది. నారింజ రంగు, లోపల మందపాటి నురుగు పలకలు. తల దూర్చి వేసుకోవాలి, నడుం చుట్టూ పటకా తిప్పి ముందువైపు బిగించాలి. పక్క జేబులో ఈల ఉంటుంది. నీళ్లు తగలగానే దానంతటదే వెలిగే చిన్న దీపం ఉంటుంది. భుజాల దగ్గర రాత్రిపూట మెరిసే పట్టీలున్నాయి. అమ్మ ఒక్కొక్కటీ ముట్టుకుని చూసింది. చీర మీద ఎలా కట్టుకోవాలో అడగమంది. అడిగితే ఆ పిల్ల నవ్వి, జాకెట్ ఆవిడ చేతికే ఇచ్చింది. అమ్మ పైట చుట్టూ తిప్పి బొడ్లో దోపుకుని, జాకెట్ వేసుకుని, పటకా బిగించి, "వదులుగా ఉందా?" అని అటూ ఇటూ తిరిగింది. పిల్ల భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూసింది. జాకెట్ గడ్డం దాకా జరగలేదు. బాగా కట్టారంది.

అప్పుడే నాన్న మోకాళ్ల సంగతి చెప్పాను. ప్రమాదంలో లిఫ్టులు ఆపేస్తారు. మా గదులు ఎనిమిదో అంతస్తులో. మూడంతస్తులు ఆయన మెల్లగా దిగగలరు కానీ తోపులాటలో దిగలేరు. ఆ అమ్మాయి ఆయన గది నంబరు రాసుకుంది. సాయం కావలసినవాళ్ల పేర్లు ఓడలో విడిగా ఉంటాయనీ, అవసరమైతే మనిషి గదికే వస్తాడనీ చెప్పింది. చెప్పకపోతే మనకి సాయం కావాలని వాళ్లకి తెలియదు. నాన్నకి మొహమాటం వేసింది. నలభయ్యేళ్లు పాఠాలు చెప్పిన మనిషి ఎవరి సాయమూ అడిగి ఎరగడు. అయినా తలూపారు.

అక్కణ్ణుంచి గదికి మెట్ల మీదే ఎక్కాం. మలుపు మలుపుకీ నాన్న ఆగారు, మేమూ ఆగాం. నడవలో గోడ అడుగున, నేలకి ఆనుకుని, చీకట్లో వెలిగే పట్టీ ఒకటి సాగిపోతూ ఉంది. మా అబ్బాయి అంత కిందెందుకని అడిగాడు. పొగ పైకి లేస్తుంది కాబట్టి పైనున్న దీపాలు కనపడకపోవచ్చు, అప్పుడు వంగి నడిచేవాళ్లకి ఆ పట్టీయే దారి చూపిస్తుందని మావారు వాడికి చెప్పారు. ఆ ఓడ తివాచీ మీద చేప బొమ్మలున్నాయి. వాటి తలలన్నీ ఓడ ముందువైపుకే. అమ్మకి ఆ గుర్తు చాలా నచ్చింది. "చేపల వెంట పదకొండు గుమ్మాలు నడిస్తే మెట్లు," అని తనకి తానే చెప్పుకుంది. ఇంకోసారి దిగి వద్దామని తనే అంది. ఇద్దరం మళ్లీ దిగాం. ఈసారి ఆవిడ ముందు, నేను వెనక.

మిగతా పనులు చకచకా అయిపోయాయి. బఫే గుమ్మంలో కుళాయిలు పెట్టారు. సబ్బుతో చేతులు కడుక్కుని లోపలికెళ్లాం. ఓడల్లో వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద శానిటైజర్ సరిగా పని చెయ్యదు, సబ్బూ నీళ్లే మేలు. భోజనమయ్యాక డైనింగ్ హాల్లో హెడ్ వెయిటర్ని కలిశాం. ముంబయి మనిషి. ముందురోజు రాత్రి చెబితే మర్నాటికి పప్పు, కూర, రోటీ చేయిస్తానన్నాడు. ఉల్లి, వెల్లుల్లి తినని రోజులు కూడా అమ్మ అప్పుడే చెప్పేసింది.

బయల్దేరే ముందు ఓడంతా అదిరేలా కూత వేశారు. వరసగా ఏడు పొట్టివి, చివర ఒక పొడుగుది. అది వినపడితే వెచ్చటి బట్టలు వేసుకుని, మందులు తీసుకుని, మస్టర్ స్టేషన్‌కి రావాలని కెప్టెన్ చెప్పాడు. అమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది.

సాయంత్రం ఎలియట్ బే దాటుతుంటే డెక్ మీద నాన్నతో కూర్చున్నాను. వెనక రెయినియర్ కొండ మంచు తల స్పష్టంగా కనిపిస్తోంది. "ఈ మస్టర్ డ్రిల్ అంటే ఇంత పట్టుదల ఎందుకమ్మా వీళ్లకి?" అన్నారాయన. ఆయన చెప్పింది చరిత్ర పాఠాలు కాబట్టి అలాగే చెప్పాను. 1912లో టైటానిక్ మునిగినప్పుడు అందులో దాదాపు 2,200 మంది ఉన్నారు. పడవల్లో చోటు 1,178 మందికే. ఆ తర్వాతే 1914లో, సముద్రం మీద ప్రాణరక్షణ కోసం, సోలాస్ అనే అంతర్జాతీయ ఒప్పందం పుట్టింది. ఇప్పుడు పడవలూ తెప్పలూ కలిపి అందరికీ చోటుండాలి, దాని పైన ఇంకో పాతిక శాతం తెప్పలు అదనంగా ఉండాలి.

2012 జనవరి 13 రాత్రి ఇటలీలో జిల్యో దీవి దగ్గర కోస్టా కాంకోర్డియా అనే ఓడ రాయికి కొట్టుకుంది. నాలుగు వేలమందికి పైగా ఉన్న ఆ ఓడలో 32 మంది పోయారు. వాళ్లలో ముంబయి నుంచి వెళ్లిన వెయిటర్ ఒకతను కూడా ఉన్నాడు. ఆ సాయంత్రమే చివితవెక్కియాలో ఎక్కిన వందలమందికి ఇంకా డ్రిల్ జరగలేదు. ఎక్కిన 24 గంటల్లోపు చేస్తే చాలన్నది అప్పటి నియమం. ఆ ఓడకి మాత్రం అంత వ్యవధి దొరకలేదు. అందుకే ఇప్పుడు రేవు వదలకముందే, లేదా వదిలిన వెంటనే డ్రిల్ జరిగి తీరాలి.

నాన్న బాగా విన్నది మూడో కథ. మేం వెళ్తున్న అలాస్కా సముద్రంలోనే 1980 అక్టోబరు 4న ప్రిన్సెన్‌డామ్ అనే ఓడ ఇంజను గదిలో మంటలు లేచాయి. అందులో అయిదువందలమందికి పైనే. ప్రయాణికుల్లో ఎక్కువమంది వయసు మళ్లినవాళ్లు. ఒడ్డు ఎక్కడో దూరాన ఉంది. గాలి, అలలు, చలి. దాదాపు అందరినీ పడవల్లోకి దింపారు. కోస్ట్ గార్డ్ హెలికాప్టర్లు, దారిలో ఉన్న విలియమ్స్‌బర్గ్ అనే చమురు ఓడ కలిసి ఒక్కొక్కరినీ పైకి తీసుకున్నాయి. వారానికి ఓడ మునిగిపోయింది. మనిషి ఒక్కరూ పోలేదు. "నా వయసువాళ్లేనా?" అని నాన్న మళ్లీ అడిగారు. మీకంటే పెద్దవాళ్లు కూడా ఉన్నారన్నాను. పొద్దున సాయం అడగడానికి పడ్డ మొహమాటం అప్పటికి ఆయన మొహంలో లేదు.

స్కాగ్వేలో మావారూ, అబ్బాయీ వైట్ పాస్ రైలెక్కడానికి దిగారు. బంగారం వేటలో జనం కొండలు పాకుతున్న రోజుల్లో, 1898లో మొదలుపెట్టి 1900లో పూర్తిచేసిన దారి అది. నాన్నకి మోకాళ్లు నొప్పెడుతున్నాయని అమ్మ, నేను ఉండిపోయాం. రేవు పక్క కొండరాయి నిండా వచ్చిపోయిన ఓడల పేర్లు రంగులతో రాసి ఉన్నాయి. నేను పైన కాఫీ తాగుతూ వాటిని చూస్తున్నాను. ఇది సిబ్బందికి మాత్రమే జరిగే డ్రిల్ అని మైకులో చెప్పారు. కాసేపటికి కూత మొదలైంది.

అమ్మానాన్న గదిలో నిద్రపోతూ ఉండాలి. ఇంగ్లీషులో చెప్పింది వాళ్లకి అర్థమై ఉండదని దిగి వెళ్లాను. గది ఖాళీ. మెట్ల మీద ఐదో అంతస్తుకి దిగాను. రెస్టారెంటులో నాన్న కుర్చీలో కూర్చుని ఉన్నారు, మెడకి మఫ్లరు. పక్కన అమ్మ నిలబడి ఉంది. ఒంటి మీద స్వెట్టరు, భుజాన మందుల సంచి, పైట బొడ్లో దోపి ఉంది. చుట్టూ సిబ్బంది తప్ప ప్రయాణికులు ఇంకెవరూ లేరు. ఆ ఇండోనేషియా అమ్మాయి వాళ్లకి మంచినీళ్లు ఇస్తోంది.

"ఏడు పొట్టివి, ఒకటి పొడుగుది. లెక్కపెట్టాను," అంది అమ్మ నన్ను చూడగానే. ఇది వాళ్ల సాధన మాత్రమేనని చెప్పాను. "అయితే ఏం? మేమూ సాధన చేశాం. మీ నాన్న మధ్యలో రెండుసార్లే ఆగారు," అంది. ఆ అమ్మాయి నా వైపు తిరిగి, ఓడలో ఉన్న అందరికంటే మీ అమ్మగారే నయమంది. ఆ మాట అమ్మకి తెలుగులో చెప్పాను. ఆ రోజు నుంచీ ఆవిడ డెక్ మీద రెయిలింగు దాకా వచ్చి నిలబడి నీళ్లు చూసింది.

అమెరికా వచ్చిన మన పెద్దవాళ్లు ప్రతిదానికీ పిల్లల మీద ఆధారపడతారు. కారు మనమే నడపాలి, దుకాణంలో మనమే మాట్లాడాలి, తలుపు తాళం కూడా మన ఫోన్లోనే ఉంటుంది. దారి తెలిసింది కొడుక్కో కూతురికో అయితే చాలని ఓడలో కూడా అనుకుంటాం. కానీ కూత వినపడే వేళకి ఆ కొడుకో కూతురో ఎక్కడుంటారో చెప్పలేం. స్కాగ్వేలో నేను వాళ్ల పక్కన లేను. ఇంగ్లీషు రాని మా అమ్మ నాన్నని తీసుకుని, చేరాల్సిన చోటికి నాకంటే ముందే చేరింది. మొదటి గంటలో ఆవిడ కాళ్లతో నడిచి నేర్చుకున్న దారి అది.

కాబట్టి ఓడెక్కాక ముందు ఏం చెయ్యాలని ఎవరడిగినా నేను చెప్పేది ఇదే. మందుల సంచి భుజానే ఉంచుకుని, పెద్దవాళ్లని వెంటబెట్టుకుని మస్టర్ స్టేషన్‌కి వెళ్లండి. జాకెట్ వాళ్లనే కట్టుకోనివ్వండి. నడవలేనివాళ్ల గది నంబరు రాయించండి. తర్వాత గది నుంచి ఇంకోసారి మెట్ల మీద తీసుకెళ్లండి, ఈసారి వాళ్లని ముందు నడవనివ్వండి. అరగంట పడుతుంది. బఫే రాత్రి దాకా తెరిచే ఉంటుంది.