దాహం లెక్క

మా మావయ్య పేరెత్తితే ఊళ్లో అందరూ సియాచిన్ గురించే చెబుతారు. మంచుకొండల్లో సైనికులకి సరుకులు చేరవేసిన పైలటని, ఆ తరవాత పెద్ద జెట్లు నడిపాడని. అన్నీ నిజాలే గానీ నేను వాటిలో ఒక్కటీ కళ్లారా చూళ్లేదు. చూసిందల్లా తిత్లీ తుఫాను తరవాత ఆయన ఎలా గడిపాడన్నదే. అందుకని ఎక్కువ దాని గురించే రాస్తాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. 1962 జనవరిలో విజయనగరం పక్కన కోరుకొండలో, పీవీజీ రాజు గారిచ్చిన కోటలో సైనిక్ స్కూలు తెరిచారు. పదకొండేళ్ల మావయ్య మొదటి బ్యాచీల్లోనే అక్కడ చేరాడు. అప్పటిదాకా చొక్కాకి గుండీలన్నీ ఉండాలని కూడా తనకి తెలీదనేవాడు. అక్కణ్నించి ఖడక్‌వాస్లా డిఫెన్స్ అకాడమీ, ఆపైన వైమానిక దళం. 71 యుద్ధం నాటికి ఇంకా శిక్షణలోనే ఉన్నాడు. ఆ వెలితి ఆయనకి చివరిదాకా పోలేదు. మొదట్లో ప్యాకెట్ రవాణా విమానాలు, అవి మూలపడ్డాక ఏఎన్-32లు నడిపాడు. 1984 ఏప్రిల్లో సైన్యం సియాచిన్ ఎక్కాక లేహ్, థోయిస్ వైపు సరుకు మోయడమే పని. వింగ్ కమాండరుగా దిగిపోయి, ప్రైవేటు విమాన సంస్థలు మొదలైన రోజుల్లో ఒకదాంట్లో కెప్టెన్‌గా చేరాడు. అరవై నిండగానే పిల్లలు అమెరికా నుంచి ఎంత మొత్తుకున్నా వినకుండా అత్తని తీసుకుని కొబ్బరితోటలోకి వచ్చేశాడు.

కిడ్నీ జబ్బు ఆ తరవాతే బయటపడింది. పైలట్లకి ఓ వయసు దాటాక ఆర్నెల్లకోసారి వైద్య పరీక్ష ఉంటుంది. అన్నేళ్లూ అన్నీ సవ్యంగానే ఉన్న మనిషి. మా ఉద్దానంలో ఈ జబ్బు లేని వీధి లేదు. నీళ్లని కొందరు, ఎండలో పని అని కొందరు, ఏళ్ల తరబడి పరీక్షలు చేశారు గానీ ఇదీ కారణమని ఒక్కటి తేలలేదు. ఆయనకి షుగరు కూడా ఉంది. "నాది ఊరి జబ్బా, సొంత జబ్బా?" అని కనిపించిన డాక్టరునల్లా అడిగేవాడు. చివరికి వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం, డయాలసిస్. పాత ఫ్లయింగ్ లాగ్‌బుక్కులో మిగిలిన పేజీల్లో దాన్ని రాసుకునేవాడు. తేదీ, మిషను ఎక్కిన వేళ, దిగిన వేళ, ముందు బరువు, తరవాత బరువు. రిమార్కుల గడిలో ఒక్కోసారి "సూది బాగా గుచ్చింది, థాంక్స్ చెప్పాను" అని ఉండేది.

ఆయన లెక్కల మనిషని చెప్పడానికి ఒక్క సంగతి. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తూ ఏఎన్-32 ఒకటి బంగాళాఖాతం మీద మాయమైంది. లోపల 29 మంది. వాళ్లలో ఎనిమిది మంది విశాఖ నేవీ ఆయుధ డిపో ఉద్యోగులు. టీవీలో వార్త వస్తూనే మావయ్య కాగితం తీసుకుని, బయల్దేరిన వేళ, ట్యాంకులో పట్టే ఇంధనం వేసి చూశాడు. ఇంధనం అయిపోయే వేళ అప్పటికే దాటిపోయింది. టీవీ కట్టేసి, బావి దగ్గరికెళ్లి తలస్నానం చేశాడు. వెతుకులాట ఇంకా మొదట్లోనే ఉంది. "అప్పుడేనా?" అంది అత్త. ఆయన పలకలేదు. ఆ విమానం శకలాలు సముద్రం అడుగున దొరికాయని 2024 జనవరిలో చెప్పారు. అప్పటికి ఆయన లేడు.

తిత్లీ 2018 అక్టోబరు 11, గురువారం తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. గురువారం ఆయన డయాలసిస్ రోజు. బుధవారమే తుఫాను హెచ్చరిక వచ్చింది. పలాసలో మేం వెళ్లే కేంద్రానికి ఫోను చేసి, ఇవాళే చేసేస్తారా అని అడిగాడు. ఖాళీ లేదు, రేపు రమ్మన్నారు.

ఆ రాత్రి గురించి మా వైపు వాళ్లకి చెప్పనక్కర్లేదు. తెల్లారి తలుపు తీస్తే తోట లేదు. కొబ్బరిచెట్లు నడుముకి విరిగాయి, జీడిచెట్లు వేళ్లతో సహా లేచి పడ్డాయి. మా ఇంటి నుంచి సముద్రం కనిపించడం అదే మొదలు. కరెంటు స్తంభాలు రోడ్డుకి అడ్డంగా పడి ఉన్నాయి, సెల్‌ఫోన్లకి సిగ్నల్ లేదు, రైళ్లు ఆగిపోయాయి.

నేను చెట్లు దాటుకుంటూ వాళ్లింటికెళ్లేసరికి మావయ్య బరువు చూసే మిషను మీద నిలబడి ఉన్నాడు. మళ్లీ కాగితం, మళ్లీ లెక్క. సోమవారం దిగిన బరువు, ఇప్పటి బరువు, రోజుకి ఎంత నీరు చేరితే ఊపిరితిత్తుల్లోకి ఎప్పుడొస్తుంది. "ఎండ్యూరెన్స్ చూసుకోవాలి కదరా," అన్నాడు. ఉన్న ఇంధనం ఎంతసేపు వస్తుందో చూసుకునే పైలట్ల మాట అది. ఆదివారం పొద్దున దాకా అని కింద గీత గీశాడు. నాకు వెంటనే ఆ బావి దగ్గరి స్నానం గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది.

అసలు బాధ దాహం. కరెంటు లేక బోర్లు పనిచెయ్యలేదు, బావుల్లో ఆకులూ బురదా. ఊరంతా కొబ్బరి బొండాలే తాగింది. ఎక్కడ చూసినా కాయలే, కోయడానికి చెట్టెక్కే పనికూడా లేదు. కిడ్నీలు పోయినవాడికి ఆ నీళ్లే విషం. అందులోని పొటాషియం ఒంట్లో నిలిచిపోతే గుండె ఆగిపోతుంది. కుర్రాళ్లు పెద్దాయనన్న గౌరవంతో మొదటి బొండాం కొట్టి ఆయనకే తెచ్చేవారు. "తాగు పెద్దనాన్నా, ఏటవద్ది?" అనేవారు. ఆయన దణ్ణం పెట్టి వద్దనేవాడు. అత్త ఆయన చూడకుండా పెరట్లోకెళ్లి తాగుతోందని తెలిసి, పిలిచి తన ఎదురుగానే తాగించాడు. తనకి మాత్రం మందుసీసా మూతతో కొలిచి, కుండలో మిగిలిన మంచినీళ్లు. మూత నోట్లో పోసుకుని చాలాసేపు మింగేవాడు కాదు. పెదాలు పగిలి నెత్తురు చార కనిపించేది. విసుక్కోలేదనను, ఓసారి మూత కింద పడి నీళ్లు ఒలికితే పచ్చిబూతు తిట్టాడు. ఎవర్నో తెలీదు.

శుక్రవారం నేను కొంత నడిచీ, కొంత ఎవరి బండో ఎక్కీ మా కేంద్రానికి వెళ్లాను. కరెంటు లేదు, నీళ్లు లేవు. ఒక్కసారి డయాలసిస్‌కి వంద లీటర్ల పైన శుద్ధి చేసిన నీళ్లు కావాలి. ఎప్పుడు మొదలవుతుందో అక్కడెవరికీ తెలీదు. తిరిగొచ్చి చెబితే, కాగితం మీద పలాస కొట్టేశాడు. బరంపురం కూడా కొట్టేశాడు, గంజాం జిల్లా మీద కూడా తుఫాను పడింది. శ్రీకాకుళం మిగిలింది. ఆ రాత్రి ఆయన పడుకోలేకపోయాడు. వెనక్కి వాలితే ఊపిరాడదు. కుర్చీలో ముందుకి వంగి, మోకాళ్ల మీద తలగడ పెట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నాడు. పాదాల మీద వేలు నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది.

శనివారం తెల్లారగానే ప్లాస్టిక్ కుర్చీకి రెండు వెదురు బొంగులు కట్టాం. ఊరి కుర్రాళ్లు వంతులేసుకుని మోశారు. ముందు ఇద్దరు గొడ్డళ్లతో కొమ్మలు నరుకుతూ నడిచారు. అడ్డం పడిన మానులు వచ్చినచోట ఆయన్ని దింపి, చంకల కింద చేతులేసి దాటించాల్సి వచ్చింది. నలభై ఏళ్లు పదిమందికి హుకుం ఇచ్చిన మనిషి దారి పొడవునా నోరు విప్పలేదు. ఒకచోట ఎటు తిప్పాలో తెలీక, "నువ్వు చెప్పు మావయ్యా" అన్నాను. ఆయాసపడుతూనే, "ఇయ్యాల నేను సరుకునిరా. సరుకు మాటాడదు," అన్నాడు. మోస్తున్నవాళ్లు నవ్వి కుర్చీ వదిలేసినంత పనిచేశారు.

పెద్ద రోడ్డు మీద కొవ్వొత్తులు, టార్పాలిన్లు దించేసి వెనక్కి పోతున్న వ్యాను దొరికింది. శ్రీకాకుళం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మేం వెళ్లిన ఆసుపత్రి పేరు రాయను. కార్డు ఏదన్నారు, మీ కేంద్రం నుంచి కాగితం ఏదన్నారు, నెట్‌వర్క్ రానీమన్నారు. వరసలో మాకంటే ముందు వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చిన కూలీలు ఉన్నారు, ఒకామె గోడకి చేరబడి రొప్పుతోంది. ఈయనెవరో తెలుసా అని కౌంటర్లో అరవబోయాను. మావయ్య నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టుకి నొప్పి పుట్టింది. ఆమె తరవాతే ఆయన మిషను ఎక్కాడు, సాయంత్రం చీకటిపడే వేళకి. నాలుగు గంటలు. దిగాక చిన్న గ్లాసుడు చల్లటి మజ్జిగ ఇస్తే ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసులో వేలు పెట్టి నాకాడు.

తరవాతి ఏడాది ఎండాకాలంలో గుండె ఆగి పోయాడు. మాజీ సైనికులు వచ్చి జెండా కప్పారు, సియాచిన్ గురించి బాగా మాట్లాడారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ రోగులకి రెండొందల పడకల ఆసుపత్రి తెరిచారు. ఆ రోజున అది ఉండుంటే అని అత్త అంటుంది. ఉన్నా అక్కడిదాకా చెట్లు మేమే నరుక్కోవాలి కదా అంటాను.

లాగ్‌బుక్కు నా దగ్గరే ఉంది. అక్టోబరు 13 వరసలో బరువులూ వేళలూ మామూలే. రిమార్కుల గడి చాలక మార్జిన్లోకి రాశాడు. బుధవారం ఫోను చేసి అడిగాను, రేపు రమ్మన్నారు. ఫోను కాదు, వెళ్లి అక్కడే కూర్చోవలసింది. ఇప్పుడు వాయుగుండం వార్త రాగానే మా చుట్టుపక్కల డయాలసిస్‌కి వెళ్లేవాళ్లకి ఫోన్లు చేసి నేను చెప్పేది ఇదే. కొందరు వెళ్లి కూర్చుంటున్నారు. కొందరు, గాలి మన మీదికే వస్తుందని నీకెవడు చెప్పాడని కసురుతున్నారు.