గడియ పడే తలుపు

ఇంగ్లండులో ఉన్న మన తెలుగువాళ్ళు ఆడపిల్లల్ని ఆడపిల్లల బడికే పంపాలని ఎందుకంత పట్టుబడతారో బయటివాళ్ళకి చెప్పడం కష్టం. పైకి చెప్పే కారణం రిజల్ట్స్. పదకొండో ఏట గ్రామర్ స్కూల్ పరీక్ష ఉంటుందని తొమ్మిదో ఏటే ట్యూషన్లు పెట్టిస్తాం. పైకి చెప్పని కారణం, "అబ్బాయిలుండరు కదా, కాస్త నిశ్చింత." మా అమ్మాయిని చేర్చినప్పుడు నా మనసులోనూ ఈ రెండే ఉన్నాయి. మూడో కారణం చేర్చాక తెలిసింది. ఆ బళ్ళో ఫిజిక్స్ ల్యాబులో పరికరం ముందుగా ఎవరు పట్టుకోవాలన్న గొడవే లేదు. ఎవరు పట్టుకున్నా ఆడపిల్లే. నెట్‌బాల్ కోర్టులో గొంతు చించుకుని అరిచేదీ, డిబేటులో బల్ల గుద్దేదీ, లెక్క తప్పు చేసి సిగ్గుపడకుండా నవ్వేదీ ఆడపిల్లే. ఇది చిన్న వరం కాదు.

2025 ఏప్రిల్ 16న బ్రిటన్ సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. 2010 నాటి సమానత్వ చట్టంలో "స్త్రీ", "పురుషుడు", "లింగం" అన్న మాటలకి అర్థం పుట్టుకతో వచ్చిన జీవసంబంధమైన లింగమేనని ఐదుగురు జడ్జీలూ ఏకగ్రీవంగా తేల్చారు. ఫర్ విమెన్ స్కాట్లండ్ అనే సంస్థ స్కాట్లండు ప్రభుత్వం మీద వేసిన కేసు అది. అసలు తగాదా ప్రభుత్వ బోర్డుల్లో ఆడవాళ్ళ సంఖ్య గురించి, బడుల గురించి కాదు. అయినా ఆ సాయంత్రానికే మా బడి తల్లుల వాట్సాప్ గ్రూపు వేడెక్కిపోయింది.

"అమ్మయ్య, ఇక మన పిల్లల బాత్రూముల్లోకి ఎవరూ రారు" అని ఒకావిడ రాశారు.

"ఇన్నాళ్ళూ ఎవరైనా వచ్చారా అండీ?" అని ఇంకొకావిడ అడిగారు.

దానికి ఎవరూ జవాబివ్వలేదు. నాకు తెలిసినంతలో ఎవరూ రాలేదు. కానీ మా అమ్మాయి తరగతిలో ఒక బిడ్డ ఉంది. పదకొండో ఏట అమ్మాయిగానే చేరింది. పద్నాలుగో ఏట, తాను అమ్మాయిని కాదనీ అబ్బాయిననీ చెప్పుకుంది. జుట్టు కత్తిరించుకుంది, పేరు మార్చుకుంది. "ఆ బిడ్డ" అని కావాలనే రాస్తున్నాను. మా వైపు బిడ్డ అంటే ఆడా కావచ్చు, మగా కావచ్చు.

మన భాష ఈ విషయంలో చిత్రమైనది. ఇంట్లో ఆడపిల్లని "ఏరా నాన్నా" అని పిలుచుకుంటాం, దానికి ఎవరూ అర్థాలు తీయరు. "నువ్వు వచ్చావు", "నేను వచ్చాను" అన్నప్పుడు ఆడా మగా తేడా లేదు. పక్కన లేని మనిషి గురించి చెప్పాల్సి వచ్చేసరికి మాత్రం క్రియ దగ్గర దొరికిపోతాం. "తను" అని కొంత దూరం తప్పించుకున్నా, "వచ్చాడు" అనాలో "వచ్చింది" అనాలో తేల్చుకోక తప్పదు. మా అమ్మాయి తడుముకోకుండా "వచ్చాడు" అంటుంది. నేను "తను వచ్చారా?" అని అడుగుతాను. పద్నాలుగేళ్ళకే ఇంత మర్యాదా అని మా ఆయన నవ్వుతారు. నవ్వితే నవ్వారు గానీ, ఎవరినీ నొప్పించకుండా మాట్లాడే దారి ఒకటి మన భాషలో ముందునుంచీ ఉన్నందుకు నాకు ఊరటగానే ఉంది.

చట్టం సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే గ్రూపుల్లో సగం గొడవ అది తెలియకపోవడం వల్లే. ఒక లింగం పిల్లలనే చేర్చుకునే హక్కు బడులకి సమానత్వ చట్టమే ఇచ్చింది. లింగాన్ని మార్చుకున్నట్టు అధికారిక ధ్రువపత్రం 2004 చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండినవాళ్ళకే దొరుకుతుంది, కాబట్టి బడి పిల్లలెవరి దగ్గరా అది ఉండదు. గర్ల్స్ డే స్కూల్ ట్రస్ట్ అని పాతిక బడులు నడిపే సంస్థ 2022 మొదట్లోనే తన విధానం బయటపెట్టింది. చట్టం దృష్టిలో అబ్బాయిలైన పిల్లలని చేర్చుకోబోమనీ, చేర్చుకుంటే ఆడపిల్లల బడులుగా తమకున్న మినహాయింపుకే ముప్పు రావచ్చుననీ అంది. అదే కాగితంలో ఇంకో మాట కూడా ఉంది. తమ బళ్ళో చదువుతూ మారదలచుకున్న పిల్లలు ఎంతకాలం కావాలంటే అంతకాలం ఉండొచ్చని. మొదటి మాట పత్రికల్లో మోగిపోయింది. రెండో మాట అంతగా ఎవరి చెవినా పడలేదు.

సుప్రీంకోర్టు తీర్పులోనూ అలాంటి రెండో మాట ఉంది. ట్రాన్స్ మనుషులపై వివక్ష చూపడం ఇప్పటికీ చట్టవిరుద్ధమే. దీన్ని ఒక వర్గం మీద ఇంకో వర్గం విజయంగా చూడవద్దని తీర్పు చదివిన జడ్జి లార్డ్ హాడ్జ్ హెచ్చరించారు. మా గ్రూపులో ఆ సాయంత్రం టపాసుల బొమ్మలు పెట్టినవాళ్ళు అక్కడిదాకా చదివినట్టు లేరు.

నా మటుకు నేను ఆడపిల్లల బడి తన గేటు దగ్గర గీత గీసుకోవడాన్ని సమర్థిస్తాను. ఇది ద్వేషంతో అంటున్న మాట కాదు. ఈ బడులు ఎందుకు పుట్టాయో గుర్తుంచుకోవాలి. ఆ ట్రస్ట్ 1872లో మొదలైంది. అప్పటి ఇంగ్లండులో మధ్యతరగతి ఆడపిల్లలకి మంచి చదువు చెప్పే బడులు చాలా తక్కువ. రెండేళ్ళకి, 1874లో, మన కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. సముద్రానికి రెండు వైపులా ఆడపిల్లలకి ప్రత్యేకంగా ఒక చోటు కట్టాల్సి వచ్చింది. ఆ అవసరం తీరిపోయిందని నేననుకోను.

నేను చదివింది జిల్లా పరిషత్ హైస్కూల్లో. ఆడా మగా కలిసే చదివాం. ఆడపిల్లలకి మరుగుదొడ్డి లేదు. ఉన్న ఒక్క గది టీచర్లది, దానికి తాళం. పొద్దున్న ఇంట్లో ఒక గుక్క నీళ్ళు తాగి బయల్దేరితే మళ్ళీ సాయంత్రం ఇంటికొచ్చాకే. పెద్దమనిషయ్యాక నెలలో నాలుగు రోజులు మానేసేవాళ్ళు, ఆ తర్వాత మొత్తమే మానేసినవాళ్ళూ ఉన్నారు. దేశంలో అన్ని బడుల్లోనూ మరుగుదొడ్లు కట్టించాలని భారత సుప్రీంకోర్టు గడువు పెట్టి చెప్పాల్సి వచ్చింది 2012లో. అందుకని, ఆడపిల్లలకి విడిగా చోటుండాలని ఏ తల్లయినా అంటే ఆవిడని ఛాందసురాలు అని కొట్టిపారెయ్యడం నాకు చేతకాదు. ఆ మాట వెనక ఏం అనుభవాలున్నాయో నాకు తెలుసు.

అయితే గీత ఉన్నంత మాత్రాన ఎవరికీ నొప్పి తగలదని చెప్పుకోవడం అబద్ధం. నాతో పనిచేసే ఒకావిడ కూతురు అబ్బాయిగా పుట్టింది. కూతురు అనే ఆవిడ అంటుంది, నేనూ ఆమె ఎదుట అలాగే అంటాను. పన్నెండేళ్ళు. కలిసి చదివే బళ్ళో రోజూ ఏడిపిస్తున్నారని ఆడపిల్లల బడికి మార్చాలని చూశారు. వీలుకాదన్నారు. "చట్టం మీ వైపుందని నాకు తెలుసు. నా పిల్ల మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చుని భోంచెయ్యాలో కూడా అదే చట్టం చెప్తే బావుండేది" అందావిడ. నా దగ్గర సమాధానం లేదు. అమెరికాలో మౌంట్ హోల్యోక్ అనే పాత మహిళా కాలేజీ 2014లో, స్మిత్, వెల్స్లీ ఆ మరుసటి ఏడాది ట్రాన్స్ మహిళలకి తలుపులు తీశాయని ఆవిడే చెప్పింది. నిజమే. అక్కడ చేరేవాళ్ళు పెద్దవాళ్ళు, తమ నిర్ణయం తాము తీసుకోగలవాళ్ళు. పదకొండేళ్ళ పిల్లలు చేరే బడికి ఆ పోలిక పూర్తిగా సరిపోదు. సరిపోదన్న మాట ఆవిడతో అనడానికి మాత్రం నాకు నోరు రాలేదు.

ఇదే సంగతి ఫోనులో మా అమ్మకి చెప్పాను. కాసేపు ఊరుకుని, "మనింట్లో పెళ్ళికొచ్చి దీవించి డబ్బులు పట్టుకెళ్ళేవాళ్ళు ఏ బళ్ళో చదువుకున్నారో మనమెప్పుడైనా అడిగామా?" అంది. అడగలేదు. వాళ్ళలో చాలామంది ఇంట్లోంచీ బళ్ళోంచీ తరిమేస్తే వచ్చినవాళ్ళేనని మనకి తెలిసినా అడగలేదు. మన దేశంలో 2014 నాల్సా తీర్పు వాళ్ళని మూడో జెండర్‌గా గుర్తించింది, 2019 చట్టం బడుల్లో వివక్ష కూడదంది. 2021లో అలాంటి పిల్లల్ని బళ్ళో ఎలా చూసుకోవాలో ఉపాధ్యాయులకి చెప్పే ఒక పుస్తకాన్ని ఎన్సీఈఆర్టీ తెచ్చి, ఫిర్యాదులొచ్చేసరికి వెబ్‌సైటు నుంచి తీసేసింది. కాబట్టి ఇది తెల్లవాళ్ళ తలనొప్పి, మనకెందుకు అనడానికి లేదు.

మా బడి గొడవ దగ్గరికి వస్తాను. తీర్పు వచ్చిన కొన్ని వారాలకి గ్రూపులో ఒక ఉత్తరం తయారైంది. అమ్మాయిని కానని చెప్పే బిడ్డకి అమ్మాయిల బళ్ళో సీటెందుకు, వేరే బడి చూసుకోమనండి అని దాని సారాంశం. సంతకం పెట్టమని నాకూ పంపారు. నేను పెట్టలేదు. ఎందుకో గ్రూపులోనే రాశాను. "మనం పుట్టుకే లెక్క అంటున్నాం. ఆ లెక్కన ఆ బిడ్డ చట్టం దృష్టిలో అమ్మాయే, ఆ సీటు మీద మన పిల్లలకి ఎంత హక్కుందో తనకీ అంతే ఉంది. గేటు బయట ఉన్నవాళ్ళకి పుట్టుక చూపించి, లోపల ఉన్నవాళ్ళకి ప్రవర్తన చూపించడం కుదరదు."

అసలు ఈ దేశంలో ఆడపిల్లల బడుల ముందున్న ప్రశ్న ఎక్కువగా ఈ లోపలి బిడ్డలదే. 2024లో వచ్చిన కాస్ నివేదిక చెప్పినదాని ప్రకారం, జెండర్ క్లినిక్కులకి ఒకప్పుడు ఎక్కువగా అబ్బాయిలుగా పుట్టిన పిల్లలు వచ్చేవారు, గత దశాబ్దంలో అది తలకిందులై అమ్మాయిలుగా పుట్టినవాళ్ళే ఎక్కువయ్యారు. పేరూ వేషమూ మార్చుకోవడాన్ని కూడా తేలిగ్గా తీసుకోవద్దనీ, తొందరపడవద్దనీ, తల్లిదండ్రుల్ని పక్కన పెట్టవద్దనీ ఆ నివేదిక అంది. దానితో ఏకీభవించనివాళ్ళూ ఉన్నారు. ఆ బిడ్డ రేపు ఏమవుతుందో నాకు తెలియదు, తేల్చాల్సినదాన్ని నేను కాదు. ఈలోగా రోజుకి ఏడు గంటలు మా అమ్మాయి పక్కన కూర్చునేది ఆ బిడ్డే.

ఆ ఏడు గంటలు ఎలా గడుస్తాయో మా అమ్మాయి చెప్పింది. మిగతా పిల్లల టాయిలెట్లకి వెళ్ళడం ఆ బిడ్డకి ఇష్టం లేదు. ఆఫీసు పక్కన వికలాంగుల కోసం ఉన్న గది వాడుకోమన్నారు. దానికి తాళం. తాళంచెవి కోసం రిసెప్షనులో అడగాలి, అక్కడున్నవాళ్ళంతా చూస్తారు, తిరిగొచ్చేసరికి పాఠం పది నిమిషాలు అయిపోతుంది. అందుకని ఆ బిడ్డ బళ్ళో నీళ్ళు తాగడం మానేసింది.

"నేనూ తాగను" అంది మా అమ్మాయి.

"నువ్వెందుకు తాగవు?"

"మా వాటికి తలుపులు కింద ఇంత ఎత్తున ఉంటాయమ్మా. సగానికి గడియ పడదు. ఎవరో ఒకరు బయట కాలితో పట్టుకుని నిలబడాలి."

ముప్పై ఏళ్ళ కింద ఊళ్ళో మేము నీళ్ళు తాగలేదంటే అర్థం ఉంది. ఇంత ఖర్చుపెట్టి ఇల్లు మారి, పోటీ పరీక్ష రాయించి చేర్చిన బళ్ళో కూడా ఆడపిల్లలు నీళ్ళు తాగట్లేదంటే, మనం ఇన్నాళ్ళూ గ్రూపులో కొట్టుకున్నది దేని గురించి?

ఇంగ్లండు బడి భవనాల నిబంధనలు వెతికి చదివాను. 8 ఏళ్ళు, ఆపైబడిన పిల్లలకి ఆడా మగా వేరువేరు టాయిలెట్లు ఉండాలి. లోపలినుంచి గడియ వేసుకుని ఒకసారికి ఒక్కరే వాడుకునే గది అయితే ఈ విభజన అక్కర్లేదు. అంటే చట్టం గీసిన గీత చెరగకుండానే ఒక దారి చట్టంలోనే ఉంది. నేలదాకా గోడ, గడియ పడే తలుపు, లోపలే చెయ్యి కడుక్కునే సింకు. ఆ బిడ్డ ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు. నెలసరి రోజుల్లో ఉన్న అమ్మాయికీ, మతం వల్ల మొహమాటపడే అమ్మాయికీ, ఊరికే సిగ్గుపడే అమ్మాయికీ అదే గది పనికొస్తుంది.

దీని మీద నేనూ ఒక ఉత్తరం రాశాను. తరగతి గదుల దగ్గరే ఇలాంటి గదులు కట్టమనీ, ఈలోగా ఆ వికలాంగుల గది వాడుకోవాల్సిన పిల్లలందరికీ అడగకుండానే వెళ్ళే ఏర్పాటు చెయ్యమనీ, ఉన్న తలుపుల గడియలు బాగుచేయించమనీ, పీ.ఈ. గదిలో విడివిడిగా బట్టలు మార్చుకోవడానికి తెరలు కట్టమనీ. పదకొండు మంది తల్లులు సంతకం పెట్టారు. వాళ్ళలో మొదటి రోజు "అమ్మయ్య" అని రాసినావిడ కూడా ఉన్నారు. మా ఇద్దరికీ తీర్పు మీద ఏకాభిప్రాయం కుదరలేదు, కుదురుతుందనీ అనుకోను. తలుపుల మీద మాత్రం కుదిరింది.

హెడ్ టీచరు మర్యాదగా జవాబిచ్చారు. గడియలు వెంటనే బాగుచేయించారు. వేసవి సెలవుల్లో రెండు గదులు కడతామన్నారు, మిగతావాటికి ఈ ఏడాది డబ్బు లేదన్నారు. తొమ్మిది వందల మంది పిల్లలకి రెండు గదులు ఏ మూలకి? సెప్టెంబరులో బడి తెరవగానే మళ్ళీ అడుగుతాం.