ఒత్తిడి ఒక్కటే పైకి లేపదు

ఈసారి కాస్త ఫిజిక్స్ మాట్లాడుకుందాం. ఓపికగా చదవండి.

సిలికాన్ పలక మీద జెర్మేనియంను పొరలు పొరలుగా పేరుస్తారు. రెండింటి స్ఫటిక నిర్మాణం ఒకటే. కానీ జెర్మేనియం పరమాణువుల మధ్య దూరం దాదాపు 4 శాతం ఎక్కువ. కింద మందంగా ఉన్న సిలికాన్ జరగదు. పైకి వచ్చిన జెర్మేనియమే ఇరుక్కుని సర్దుకోవాలి. మూడు నాలుగు పొరల దాకా సర్దుకుంటుంది. ఆ తర్వాత చదునుగా పరుచుకోవడం మానేసి, చిన్న చిన్న గుట్టలుగా లేస్తుంది. గుట్టకు పక్కలా పైనా ఖాళీ ఉంటుంది కనుక, అక్కడ పరమాణువులు కొంచెం ఒళ్లు విరుచుకోగలవు. ఉపరితలం పెరిగినందుకు అయ్యే ఖర్చు కంటే ఒత్తిడి తగ్గిన లాభం ఎక్కువ.

పొరల తర్వాత గుట్టలు వచ్చే ఈ పద్ధతికి బల్గేరియా శాస్త్రవేత్తలు స్ట్రాన్‌స్కీ, క్రాస్తానోవ్‌ల పేర్లు పెట్టారు. 1990లో ఈగిల్‌షామ్, సెరుల్లో ఈ గుట్టలు స్ఫటికం వరస చెడకుండానే లేవగలవని చూపించారు. గాలియం ఆర్సెనైడ్ మీద ఇండియం ఆర్సెనైడ్ పేరిస్తే తేడా 7 శాతం. అక్కడ రెండు పొరలు నిండకముందే గుట్టలు మొదలు. కొన్ని నానోమీటర్ల ఎత్తుండే ఆ గుట్టలతో లేజర్లు చేస్తున్నారు.

మా ఇంట్లో డిగ్రీ దాటింది నేనే మొదలు. ఒక సభలో నేను ఇదంతా చెప్పాక ఓ పెద్దమనిషి మైకు తీసుకుని, "చూశారా, నొక్కితేనే పైకి లేస్తారు. మీలాంటి పిల్లలకు కష్టాలే బలం" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

ఆ మాట జెర్మేనియం విషయంలోనే నిజం కాదు. పలకను వందల డిగ్రీల వేడిలో ఉంచాలి. మరీ చల్లగా ఉంటే పరమాణువు పడ్డచోటే బిగుసుకుపోతుంది, ఒత్తిడి ఎంతున్నా గుట్ట లేవదు. పలక శుభ్రంగా ఉండాలి, చుట్టూ గాలి దాదాపు లేకుండా తోడేయాలి, నిదానంగా పేర్చాలి. ఆపకుండా పేర్చుకుంటూ పోతే గుట్ట లోపలే వరస చెడుతుంది. అప్పుడు వెలుగుగా రావాల్సిన శక్తి వేడిగా వృథా అయిపోతుంది.

అంటే కదిలే వీలు, శుభ్రమైన చోటు, తగినంత సమయం. ఇవన్నీ ఎవరో ఒకరు ఏర్పాటు చేస్తేనే గుట్ట లేస్తుంది. ఫెలోషిప్ నెలల తరబడి ఆపి, హాస్టల్ మెస్ మూసి, కష్టాల్లోంచే మేధావులు వస్తారనే వాళ్లు, గట్టెక్కిన ఒక్కరిని చూపిస్తారు. మధ్యలో చదువు ఆగిపోయినవాళ్ల లెక్క ఎవరూ రాయరు.

తమ్ముడూ, చెల్లీ, మీ కష్టాన్ని ఎవరైనా పొగిడితే వినండి. విన్నాక, ఫెలోషిప్ ఎప్పుడు వేస్తారో తేదీ అడగండి.