అమ్మీ కటోరా

ఆమ్లెట్ వేసినా, కేక్ చేసినా మా అమ్మీకి ఒక ఆదత్ ఉండేది. గుడ్డును నేరుగా పెద్ద గిన్నెలో కొట్టేది కాదు. ముందు చిన్న కటోరాలో కొట్టి, వాసన చూసి, బాగుందని తసల్లీ అయ్యాకే మిగతావాటిలో కలిపేది. "ఒక్కటి ఖరాబ్‌ది పడితే మిగతా పదీ పారబోయాలి బేటా" అనేది. ఆకలి మీదున్న మాకు ఆ సబర్ ఎక్కడిది?

పోయిన నెల ఆ కటోరా మళ్లీ గుర్తొచ్చింది.

ఒక రాత్రి చిన్నమ్మాయి చదువుకుంటుంటే మా పాత కంప్యూటర్ వెనక టప్‌మని చప్పుడైంది. కాలిన వాసన. స్క్రీన్ నల్లబడింది. మెకానిక్ భాయ్ వచ్చి చూసి పవర్ సప్లై పోయిందన్నాడు. "కొత్తది తెచ్చి బిగించెయ్యండి, మిగతాదంతా సలామత్‌గానే ఉన్నట్టుంది."

అమ్మాయి ముఖం వాడిపోయింది. "అబ్బా, దాదా ఆవాజ్ కూడా పోయినట్టేనా?"

మా అబ్బాజాన్ ఇంతెకాల్‌కు ముందు ఆయన్ని కూర్చోబెట్టి బచ్‌పన్ ఖిస్సాలు రికార్డు చేశాను. అవన్నీ ఆ హార్డ్ డిస్క్‌లోనే ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలని రోజూ అనుకోవడమే. గలతీ నాదే.

ఇంకో భయం కూడా ఉంది. చాలా ఏళ్ల క్రితం ఇలాగే సస్తాలో దొరికిన పవర్ సప్లై తెచ్చి నేరుగా బిగించాను. మదర్‌బోర్డు పోయింది, డిస్క్ పోయింది, ఆపా షాదీ ఫొటోలు పోయాయి. గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి ఇవ్వడమే ఆ డబ్బా పని. అది లెక్క తప్పితే దెబ్బ తగిలేది దానికి తగిలించిన వాటికి.

అందుకే ఈసారి కొత్తదాన్ని కంప్యూటర్‌కు దూరంగా, చెక్క బల్ల మీద పెట్టాను. స్విచ్ ఆపి ఉండగానే, 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరున్న రంధ్రాన్నీ, పక్కనే నల్ల వైరున్న రంధ్రాన్నీ వంచిన పేపర్ క్లిప్‌తో కలిపాను. ఖాళీగా నడిస్తే కొన్ని డబ్బాలు తప్పు లెక్క చూపిస్తాయి, అందుకని ఎప్పుడో చచ్చిన పాత హార్డ్ డిస్క్ ఒకటి తగిలించాను. అప్పుడు ప్లగ్ పెట్టి స్విచ్ వేశాను. ఆ తర్వాత క్లిప్‌ను ముట్టుకోలేదు.

ఫ్యాన్ తిరిగింది. అమ్మాయి చప్పట్లు కొట్టింది.

"ఠహరో బేటా" అని మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టాను. నల్ల పుల్ల నల్ల వైరుకు, ఎర్ర పుల్ల పసుపు వైరుకు. 12.3. ఐదు శాతం అటూఇటూ ఉండొచ్చు, అంటే 11.4 నుంచి 12.6 దాకా ఫరవాలేదు. నారింజ వైరు 3.3 చూపింది. ఎర్ర వైరు 4.75, 5.25 మధ్య ఉండాలి. 5.6 చూపింది. మూడుసార్లు చూశాను. అదే.

దుకాణానికి వెళ్తే ఆయన నవ్వాడు. "క్యా భాయ్, ఫ్యాన్ తిరుగుతోంది కదా!"

"ఫ్యాన్ తిరిగితే అది నిద్ర లేచిందని అర్థం భాయ్, తబియత్ బాగుందని కాదు" అని, ఆయన మీటరుతోనే చూపించాను. ఆయన నవ్వు ఆపి, మాట్లాడకుండా వేరేది ఇచ్చాడు. దాన్నీ అక్కడే చూశాను. 12.1, 5.04, 3.33.

మీరూ ఇంట్లో చేయాలనుకుంటే ఒక్క గుజారిష్. పవర్ సప్లై డబ్బా మూత మాత్రం విప్పొద్దు. ప్లగ్ తీసేసిన తర్వాత కూడా లోపల కరెంటు నిలవ ఉంటుంది, జాన్ తీసేంత. మీటరు అలవాటు లేకపోతే దుకాణంలోనే కొలిచి చూపించమని అడగండి. అడగడానికి శరమ్ దేనికి?

ఆ రాత్రి బిగించాక కంప్యూటర్ లేచింది. అమ్మాయి ముందుగా దాదా ఫైలే తెరిచింది. దగ్గు, ఆ తర్వాత అబ్బాజాన్ గొంతు: "చాలూ అయిందా బేటా, మాట్లాడనా?"

అమ్మాయి వింటూ ఉండిపోయింది. నేను లేచి రెండు పెన్‌డ్రైవ్‌లు వెతికాను. ఒకటి మాకు, ఒకటి ఆపా ఇంటికి.